పంటకాలం ముగిశాక తైవాన్ పంపు, బ్రష్ కట్టర్, పవర్ వీడర్‌లను భద్రపరిచే పద్ధతి

పత్తికి ఆఖరి మందు కొట్టి, వీపున తగిలించుకొని మందు కొట్టే పెట్రోలు తైవాన్ పంపును కొట్టంలో ఒక మూలన పెట్టామంటే, దానితో మళ్లీ పని పడేది వచ్చే వానాకాలం పైరు మొలకెత్తిన తర్వాతే. సాళ్లు కమ్ముకున్నాక, సాళ్ల మధ్య కలుపు తీసే పవర్ వీడర్‌కు చేలో దారి ఉండదు. మామిడి, బత్తాయి, ఆయిల్ పామ్ తోటల్లో గడ్డి కోసే బ్రష్ కట్టర్‌కు సంక్రాంతి దాటితే తొలకరి దాకా పెద్దగా పని తగలదు. ఈ విధంగా మన పల్లెల్లో చిన్న పెట్రోలు యంత్రాలు ఏడాదిలో చాలా నెలలు ఖాళీగానే ఉంటాయి. పని చేసేటప్పుడే యంత్రం అరుగుతుందని అందరూ అనుకుంటారు గాని, ఈ చిన్న ఇంజన్ల విషయంలో పని లేని నెలల్లో జరిగే నష్టమే ఎక్కువ. జూన్ నెలలో మెకానిక్ దుకాణాల ముందు వరుసగా పెట్టి ఉండే పంపుల్లో చాలావాటికి పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు అందించే కార్బురేటర్ మూసుకుపోవడమో, పెట్రోలు పైపు పగలడమో, ప్లగ్ పాడవడమో తప్ప వేరే జబ్బు ఉండదు. ఆ మూడింటినీ పంట చివర్లో ఒక పూట కేటాయించి ఇంటి దగ్గరే నివారించుకోవచ్చు.

పని మొదలుపెట్టే ముందు మన యంత్రం ఏ రకానిదో తెలుసుకోవాలి. పెట్రోలులోనే ఆయిల్ కలిపి పోసేదైతే అది టూ స్ట్రోక్ ఇంజన్. పెట్రోలు విడిగా, ఆయిల్ విడిగా పోయడానికి రెండు మూతలు ఉంటే అది ఫోర్ స్ట్రోక్. భద్రపరిచే పద్ధతి రెండింటికీ చాలావరకు ఒకటే గాని, కొన్ని చోట్ల తేడా వస్తుంది. ఆ తేడాలను సందర్భం వచ్చినప్పుడు చెబుతాను. పనుల వరుస కూడా ముఖ్యమే. పంపు కడగడానికి ఇంజన్ నడవాలి, ఆయిల్ పూర్తిగా దిగడానికి ఇంజన్ వెచ్చగా ఉండాలి. అందువల్ల మొదట కడగడం, తర్వాత పెట్రోలు ఖాళీ చేయడం, ఆ వెంటనే ఆయిల్ మార్చడం, చివరగా సిలిండర్‌లో ఆయిల్ చుక్కలు వేయడం అన్న క్రమంలో చేసుకుంటే ఏ పనీ రెండోసారి చేయవలసిన అవసరం రాదు.

మందు ట్యాంకు కడగడం

ఆఖరి మందు కొట్టిన రోజు సాయంత్రమే పంపును కడగడం మంచిది. ట్యాంకు అడుగున, పైపు లోపలి గోడలకు, నాజిల్ జల్లెడకు అంటుకున్న మందు ఒకసారి ఎండి పెచ్చు కట్టిందంటే తర్వాత ఎన్ని నీళ్లు పోసినా ఓ పట్టాన వదలదు. మందు కొట్టేటప్పుడు వేసుకునే చేతి తొడుగులు, మాస్కు కడిగేటప్పుడు కూడా వేసుకోవాలి, ఎందుకంటే చేతులు మందుతో నేరుగా తడిసేది ఎక్కువగా ఈ పనిలోనే. ట్యాంకులో నాలుగైదు లీటర్ల మంచినీళ్లు పోసి, మూత బిగించి, బాగా కుదిపి, ఇంజన్ నడిపి ఆ నీటిని గన్ గుండా పూర్తిగా బయటికి కొట్టేయాలి. ఇలా మూడుసార్లు చేయాలి. ట్యాంకు నిండా ఒకేసారి నీళ్లు పోసి కడగడం కంటే, అవే నీళ్లను మూడు భాగాలు చేసి మూడుసార్లు కడిగితే మందు అవశేషం చాలా తక్కువ మిగులుతుంది. ఈ కడుగు నీళ్లను మందు కొట్టిన చేలోనే చల్లేయాలి. కాలువ గట్టునో, చేపల చెరువు పక్కనో, పశువులు నీళ్లు తాగే తొట్టి దగ్గరో కడిగే అలవాటు ఉన్నవారు దాన్ని తప్పక మానుకోవాలి. చేపలకు చాలా పురుగుమందులు అతి కొద్ది మోతాదులోనే విషం.

కలుపు మందు కొట్టిన పంపు అయితే మాత్రం ఉత్త నీళ్లు చాలవు. ముఖ్యంగా వరి, మొక్కజొన్న చేలలో వెడల్పాకు కలుపుకు వాడే 2,4-డి విషయంలో ఎంత జాగ్రత్త పడినా తక్కువే. పత్తి, మిరప, టమాటా పైర్లు ఈ మందును ఏ కొంచెమూ తట్టుకోలేవు. ట్యాంకులో మిగిలిపోయిన కొద్దిపాటి మందు వచ్చే సీజనులో పురుగుమందుతో పాటు పత్తి మీద పడితే, లేత ఆకులు వెడల్పు తగ్గి, చీలికలై, వేళ్లలా సాగిపోతాయి. రైతు అది తెగులనుకొని మరో మందు కొడతాడు, నష్టం ఇంకా పెరుగుతుంది. అందుకని మూడుసార్లు నీటితో కడిగాక, 20 లీటర్ల ట్యాంకు నిండా నీళ్లు పోసి, అందులో 100 నుంచి 120 గ్రాముల వాషింగ్ సోడా కలిపి, కొంత ద్రావణాన్ని పైపు, గన్ నిండేదాకా నడిపి, ఒక రాత్రంతా అలాగే ఉంచాలి. ఇది బట్టలుతికే సోడా, వంటింట్లో వాడే తినే సోడా కాదు. నూనె స్వభావం ఉన్న ఈస్టర్ రకం మందు కొట్టి ఉంటే సోడా కంటే ముందు సబ్బు పొడి నీళ్లతో ఒకసారి కడగాలి. మర్నాడు ఆ ద్రావణాన్ని బయటికి కొట్టి, మళ్లీ రెండుసార్లు మంచినీటితో శుభ్రం చేయాలి. ఇంత చేసినా నేను గట్టిగా చెప్పేది ఏమిటంటే, స్తోమత ఉన్నవారు కలుపు మందుకు వేరే పంపు పెట్టుకొని, దాని ట్యాంకు మీద ఎర్ర రంగుతో పెద్ద గుర్తు వేసుకోవాలి. మందులు రెండు, పంపు ఒకటి అన్నంతకాలం ఆ ప్రమాదం పూర్తిగా పోదు.

కడగడం పూర్తయ్యాక పంపులో, పైపులో నిలిచిన నీటిని కూడా తీసేయాలి. ట్యాంకు ఖాళీ అయ్యాక ఇంజన్‌ను పది పదిహేను సెకన్లు మాత్రమే నడిపి లోపలి నీటిని బయటికి కొట్టించాలి. అంతకు మించి నడపకూడదు. పంపులోని సీళ్లకు నీరే చల్లదనం, అదే జారుడు. నీరు లేకుండా తిరిగితే అవి కాలి గట్టిపడి, వచ్చే ఏడాది ఒత్తిడి రాదు. నాజిల్‌ను, దాని వెనక ఉండే జల్లెడను, ట్యాంకు మూతి దగ్గరి జల్లెడను విప్పి, పాత టూత్ బ్రష్షుతో నీళ్లలో తోమాలి. నాజిల్ రంధ్రంలో పిన్నీసుగాని, సన్నని తీగగాని పెట్టి పొడవకూడదు. కంటికి కనిపించనంత గీత పడినా ఆ నాజిల్ ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువగా మందు చిమ్ముతుంది. పైపును మడతలు పడకుండా పెద్ద చుట్టగా చుట్టి, మేకుకు కాకుండా వెడల్పాటి గుంజకు తగిలించాలి. పంపుకు గ్రీజు కప్పు ఉన్నట్లయితే దాన్ని కొత్త గ్రీజుతో నింపి రెండు తిప్పులు బిగించాలి. ట్యాంకు మూతను గట్టిగా బిగించకుండా వదులుగా పెడితే లోపలి తేమ పోతుంది, మూత కింది రబ్బరు కూడా అణిగిపోదు.

ట్యాంకులో మిగిలిన పెట్రోలు

యంత్రం చెడిపోవడానికి అన్నిటికన్నా పెద్ద కారణం ట్యాంకులో వదిలేసిన పెట్రోలు. పెట్రోలు ఒకే పదార్థం కాదు. త్వరగా ఆవిరయ్యే తేలికపాటి భాగాలు, నెమ్మదిగా ఆవిరయ్యే బరువైన భాగాలు కలిసిన మిశ్రమం. చల్లగా ఉన్న ఇంజన్ తాడు లాగగానే అందుకునేది ఆ తేలికపాటి భాగాల వల్లనే. నెలల తరబడి నిల్వ ఉంటే అవి మూత సందుల గుండా వెళ్లిపోతాయి, మిగిలినది గాలి తగిలి గోధుమరంగు జిగురుగా మారుతుంది. కార్బురేటర్‌లో పెట్రోలు వెళ్లే జెట్ రంధ్రాలు అర మిల్లీమీటరుకు అటూ ఇటూ మాత్రమే ఉంటాయి కాబట్టి, వాటిని మూయడానికి చిటికెడు జిగురు చాలు. రేకుల షెడ్డు కింద ఏప్రిల్, మే నెలల వేడికి ఈ మార్పు మరింత వేగంగా జరుగుతుంది.

దీనికి తోడు ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలు పాత పెట్రోలు కాదు. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు అమ్మకం మన దేశంలో 2023 ఫిబ్రవరిలో మొదలై, 2025 నాటికి దాదాపు ప్రతి బంకుకూ చేరింది. ఇథనాల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. అలా చేరిన నీరు ఒక హద్దు దాటితే ఇథనాల్, నీరు కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు దిగుతాయి. ఇంజన్‌కు ఇంధనం వెళ్లేది ఆ అడుగు నుంచే. టూ స్ట్రోక్ ఇంజన్లకు ఇది మరీ ప్రమాదకరం, ఎందుకంటే మనం కలిపిన ఆయిల్ పైనున్న పెట్రోలుతోనే ఉండిపోతుంది. ఆయిల్ లేని కింది పొర ఇంజన్‌లోకి వెళితే పిస్టన్ పట్టేసి సిలిండర్ గీసుకుపోతుంది. అనుమానం ఉన్నవారు పాత పెట్రోలును ఒక గాజు సీసాలో పోసి, నీడలో పది నిమిషాలు కదపకుండా ఉంచి, వెలుతురుకు ఎదురుగా పట్టి చూడవచ్చు. అడుగున సన్నని గీత గీసినట్టు వేరే పొర కనిపించినా, మబ్బు పట్టినట్టు ఉన్నా ఆ పెట్రోలు ఏ యంత్రానికీ పనికిరాదు. ఇథనాల్‌ను దృష్టిలో పెట్టుకోకుండా తయారైన పాత యంత్రాల్లో రబ్బరు పైపులు, కార్బురేటర్‌కు పెట్రోలు ఎక్కించడానికి వేలితో నొక్కే ప్రైమర్ బల్బు కూడా దీని వల్ల త్వరగా ఉబ్బడమో, గట్టిపడి పగలడమో జరుగుతుంది.

కాబట్టి నెల రోజులకు మించి పని లేదని తెలిసినప్పుడు ట్యాంకును ఖాళీ చేయాలి. ఈ పని ఆరుబయట, ఇంజన్ పూర్తిగా చల్లారాక, దగ్గరలో పొయ్యి, బీడీ, దీపం వంటి నిప్పు ఏదీ లేకుండా చూసుకొని చేయాలి. ట్యాంకులోని పెట్రోలును గరాటాతో డబ్బాలోకి వంచుకున్నాక, మూత పెట్టి, ఇంజన్‌ను మళ్లీ స్టార్ట్ చేసి, నెమ్మదిగా తిరుగుతుండగా దానంతటదే ఆగేవరకు వదిలేయాలి. ఆగాక చోక్ వేసి మళ్లీ తాడు లాగితే ఇంకో రెండు మూడుసార్లు అందుకొని ఆగుతుంది. ఇక అందుకోని స్థితి వచ్చేదాకా ఇలాగే చేయాలి. పవర్ వీడర్ వంటి ఫోర్ స్ట్రోక్ ఇంజన్లకు కార్బురేటర్ గిన్నె అడుగున ఒక చిన్న బోల్టు ఉంటుంది. పెట్రోలు కాక్ మూసి, ఆ బోల్టును వదులు చేస్తే గిన్నెలో నిలిచిన నాలుగు చెంచాల పెట్రోలు కూడా దిగిపోతుంది. ఈ ఒక్క బోల్టు సంగతి తెలియకనే చాలామంది ట్యాంకు ఖాళీ చేసి కూడా జూన్‌లో కార్బురేటర్ విప్పించుకుంటారు. చాలా బ్రష్ కట్టర్లకు, కొన్ని తైవాన్ పంపులకు గిన్నె ఉండదు, సన్నని పొర ఉండే డయాఫ్రమ్ కార్బురేటర్ ఉంటుంది. వాటికి ప్రైమర్ బల్బును ఐదారుసార్లు నొక్కి మిగిలిన ఇంధనాన్ని ట్యాంకులోకి రప్పించి, దాన్నీ వంపేసి, తర్వాత ఇంజన్‌ను ఆగేదాకా నడపాలి. అలా చేయకపోతే ఆ పొర జిగురు పట్టి పక్కదానికి అతుక్కుపోతుంది.

పెట్రోలు చెడిపోకుండా ఆపే స్టెబిలైజర్ ద్రావణాలు కూడా ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. వాటిని కొత్త పెట్రోలులో సీసా మీద చెప్పిన మోతాదులో కలిపి, అది కార్బురేటర్ దాకా చేరేలా పది నిమిషాలు ఇంజన్ నడిపి ఆపాలి. మధ్యమధ్యలో యంత్రాన్ని వాడవలసి వచ్చేవారికి అది ఉపయోగమే గాని, ఐదారు నెలల విరామానికి ఖాళీ చేయడాన్ని మించినది లేదు, ఖర్చు కూడా లేదు.

తీసిన పెట్రోలు తాజాదైతే, ఆయిల్ కలపనిదైతే వెంటనే మోటారు సైకిల్లో పోసుకోవచ్చు. టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజన్ల ఆయిల్) కలిపిన పెట్రోలును మాత్రం ఇప్పటి బీఎస్-6 బండ్లలో పోయకూడదు. సైలెన్సర్‌లో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్ ఆ ఆయిల్ పొగకు పాడవుతుంది. దాన్ని నెలలోపు మరో టూ స్ట్రోక్ యంత్రంలో వాడేయాలి. ఏ పెట్రోలునూ నీళ్ల సీసాల్లో, కూల్ డ్రింక్ సీసాల్లో పోసి ఇంట్లో పెట్టకూడదు. పిల్లలు నీళ్లనుకొని తాగిన ఘటనలకు మూలం ఆ సీసాలే.

ఇంజన్ లోపలి భాగాలు

పెట్రోలు ఖాళీ చేయడానికి ఇంజన్ నడిపాం కాబట్టి అది ఇంకా వెచ్చగానే ఉంటుంది. ఫోర్ స్ట్రోక్ యంత్రాలకు ఆయిల్ మార్చడానికి ఇదే సరైన సమయం. వాడిన ఆయిల్‌లో మసి, తేమ, ఆమ్లాలు కలిసి ఉంటాయి; అది ఆరు నెలలు బేరింగులను అంటిపెట్టుకొని ఉండటం కంటే, కొత్త ఆయిల్ ఉండటం ఎంతో మేలు. అందువల్ల పంట మొదట్లో కాకుండా పంట చివర్లోనే ఆయిల్ మార్చాలన్నది నా అభిప్రాయం. పరిమాణం పెద్దదేమీ కాదు. బ్రష్ కట్టర్లకు వచ్చే హోండా జీఎక్స్35 ఇంజన్‌కు 100 మిల్లీలీటర్లు, పవర్ వీడర్లకు వచ్చే జీఎక్స్200 ఇంజన్‌కు 600 మిల్లీలీటర్లు చాలు. 10డబ్ల్యూ-30 రకం సరిపోతుంది. గీత దాటించి పోస్తే ఆయిల్ ఎయిర్ ఫిల్టర్‌లోకి ఎక్కుతుంది, కాబట్టి యంత్రాన్ని సమతలం మీద ఉంచి పోయాలి. తీసిన ఆయిల్‌ను మట్టిలో, మురుగు కాలువలో పారబోయకుండా డబ్బాలో పట్టి మెకానిక్ దుకాణంలో ఇవ్వాలి.

తర్వాత స్పార్క్ ప్లగ్ చుట్టూ ఉన్న దుమ్మును ముందుగా ఊది, పానాతో ప్లగ్ విప్పాలి. దుమ్ము ఊదకుండా విప్పితే ఆ ఇసుక రేణువులు నేరుగా సిలిండర్‌లో పడతాయి. ప్లగ్ రంధ్రంలో పెద్ద ఇంజన్‌కైతే ఒక చెంచా, చిన్న ఇంజన్‌కైతే కొన్ని చుక్కలు శుభ్రమైన ఇంజన్ ఆయిల్ వేయాలి. టూ స్ట్రోక్‌కు టూటీ ఆయిలే వాడాలి. రంధ్రం మీద గుడ్డ కప్పి, ముఖం పక్కకు పెట్టుకొని, తాడును మెల్లగా నాలుగైదుసార్లు లాగితే ఆ ఆయిల్ సిలిండర్ గోడలకు పలుచగా పట్టుకుంటుంది. ప్లగ్‌ను మళ్లీ బిగించి, తాడును నెమ్మదిగా లాగుతూ చేతికి బిగువు తగిలిన చోట ఆపాలి. ఆ స్థితిలో ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో రెండు వాల్వులూ మూసి ఉంటాయి, బయటి తేమ లోపలికి పోదు. సముద్ర తీరానికి దగ్గరగా ఉన్న కోనసీమ కొబ్బరి తోటల్లో, ఉద్దానం జీడి, కొబ్బరి తోటల్లో ఉప్పు గాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది కాబట్టి అక్కడివారు ఈ పనిని అసలు వదలకూడదు. ప్లగ్ తొడుగును మాత్రం బిగించకుండా పక్కన వదిలేస్తే, పిల్లలు తాడు లాగినా ఇంజన్ అందుకోదు.

ఎయిర్ ఫిల్టర్ స్పాంజి రకమైతే సబ్బు నీళ్లలో పిండి, నీడలో పూర్తిగా ఆరబెట్టాలి. తయారీదారు చెప్పిన రకానికి రెండు చుక్కల ఆయిల్ పట్టించి పిండి బిగించాలి. కాగితం రకాన్ని నీటిలో ముంచకూడదు, తట్టి దులపడమే. సిలిండర్ చుట్టూ ఉన్న రెక్కల మధ్య గడ్డి పొడి, పత్తి దూది, మందు పొడి కలిసి అట్టలా పేరుకుంటాయి. దాన్ని వెదురు పుల్లతో తీయాలి. ఇంజన్ భాగం మీద పైపు పెట్టి నీళ్లు కొట్టడం మాత్రం ఎప్పుడూ వద్దు.

బ్రష్ కట్టర్, పవర్ వీడర్

బ్రష్ కట్టర్‌కు బ్లేడు విప్పి, పసరు ఎండిన పెచ్చులు గీకి, పదును పెట్టి, ఇరువైపులా పలుచగా ఆయిల్ రాసి కాగితంలో చుట్టి పెట్టాలి. ఇందుకు వాడిన ఆయిల్ కాకుండా కొత్తదే వాడాలి, ఎందుకంటే వాడిన ఆయిల్‌లోని ఆమ్లాలే తుప్పుకు దారి తీస్తాయి. కింద ఉండే గేర్ హెడ్ పక్క స్క్రూ విప్పి గ్రీజు ఎక్కించాలి. నైలాన్ తీగ వాడేవారు దాన్ని ఎండ తగలని చోట ఉంచాలి; వేసవి వేడికి తేమ పోయి తీగ పెళుసుబారి, పని మొదలుపెట్టగానే తుంపులు తుంపులుగా తెగిపోతుంది. అలా అయినప్పుడు వాడే ముందు ఒక రాత్రి నీళ్లలో నానబెడితే మళ్లీ మెత్తబడుతుంది.

పవర్ వీడర్‌లో అందరి కళ్లూ బ్లేళ్ల మీదే ఉంటాయి గాని, చూడవలసినది బ్లేళ్లు బిగించిన ఇరుసు గేర్ బాక్స్‌లోకి వెళ్లే సందు. అక్కడ గడ్డి పరకలు, పాత డ్రిప్ పైపు ముక్కలు, మల్చింగ్ షీటు పీలికలు, ఎరువు బస్తా దారాలు బిగుతుగా చుట్టుకొని ఉంటాయి. పైకి మట్టి ముద్దలా కనిపించే ఆ చుట్టను కత్తితో కోసి విప్పితే, లోపలి సన్నని ప్లాస్టిక్ దారం ఆయిల్ సీల్ అంచును గాడి పడేలా కోసి ఉండటం కనిపిస్తుంది. ఆ గాడి నుంచే గేర్ ఆయిల్ కారిపోతుంది, మట్టి నీళ్లు లోపలికి చేరతాయి. కాబట్టి బ్లేళ్లు విప్పి ఈ సందును పూర్తిగా శుభ్రం చేసి, గేర్ ఆయిల్ మట్టం చూడాలి. ఆయిల్ పాలలా తెల్లబారి ఉంటే నీరు చేరినట్టే, సీల్ మార్చి కొత్త ఆయిల్ పోయించాలి. బెల్టు ఉన్న యంత్రాలకు బెల్టు బిగువు తగ్గించాలి. టైర్ల మీద బరువు పడకుండా చెక్క దిమ్మెల మీద నిలబెట్టాలి.

ఎక్కడ, ఎలా ఉంచాలి

యంత్రాలను ఉంచే చోటికి గాలి రావాలి, ఎండ, వాన జల్లు తగలకూడదు, నేల తేమ తాకకూడదు. ధాన్యం, విత్తనాలు, పశువుల దాణా ఉన్న గదిలో పెట్టకూడదు. ఒకటి మందు వాసన, రెండవది ఎలుకలు. ఎలుకలు పెట్రోలు పైపును, కరెంటు తీగలను కొరుకుతాయి, ఇంజన్ ఫ్యాను కవరు లోపల గూడు పెడతాయి. బ్రష్ కట్టర్‌ను, పంపును దూలానికి కొక్కేలతో వేలాడదీయడం దీనికి మంచి ఉపాయం. మరో సంగతి చాలామందికి తోచదు. వేసవిలో కందిరీగలు సైలెన్సర్ గొట్టంలో మట్టి గూళ్లు కడతాయి, అప్పుడు ఎంత తాడు లాగినా ఇంజన్ అందుకోదు. సైలెన్సర్ మూతికి, గాలి పీల్చే చోటికి గుడ్డ కుక్కి, దాని చివర బయటికి స్పష్టంగా వేలాడేలా ఉంచాలి. లేకుంటే మళ్లీ స్టార్ట్ చేసేటప్పుడు తీయడం మరిచిపోతాం.

కప్పడానికి పాలిథిన్ సంచి వాడితే లోపల చెమ్మ పట్టి తుప్పు వస్తుంది. ఖాళీ యూరియా, డీఏపీ బస్తాలైతే ఇంకా చెడ్డవి. వాటికి అంటిన ఎరువు గాలిలోని తేమను లాగి, అల్యూమినియాన్ని, ఇనుమును తినేస్తుంది. పాత నూలు చీరగాని, శుభ్రమైన గోనె సంచిగాని కప్పడమే సరైనది. కప్పేముందు ఆయిల్ మార్చిన తేదీ, మార్చవలసిన వాషర్లు, పైపుల వివరం ఒక అట్ట ముక్క మీద రాసి హ్యాండిల్‌కు కట్టాలి. విడిభాగాలను వేసవిలోనే తెచ్చుకుంటే, సీజనులో దుకాణం చుట్టూ తిరిగే పని తప్పుతుంది.

రోహిణి కార్తెలో మళ్లీ తీసేటప్పుడు

మృగశిర వానలు పడే దాకా ఆగకుండా, మే చివరి వారంలో రోహిణి కార్తె రాగానే యంత్రాలను బయటికి తీయాలి. మొదట గుడ్డలు తీసి, బోల్టులన్నీ ఒకసారి బిగించి, పెట్రోలు పైపును వేళ్లతో వంచి చూడాలి. పగుళ్లు కనిపించినా, గట్టిగా ఉన్నా మార్చేయాలి, ఆ పైపు ఖరీదు చాలా తక్కువ. ట్యాంకు లోపల పైపు చివరన ఉండే చిన్న ఫిల్టర్‌ను వంచిన తీగతో బయటికి లాగి చూసి, నల్లబడి ఉంటే కొత్తది వేయాలి. ప్లగ్ విప్పి తాడును ఐదారుసార్లు లాగితే సిలిండర్‌లో వేసిన ఆయిల్ ఎక్కువైనది బయటికి వస్తుంది. ప్లగ్ మొనలను తుడిచి, ఖాళీని 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్ల మధ్య, జీఎక్స్200 వంటి పెద్ద ఇంజన్‌కు 0.7 నుంచి 0.8 మధ్య ఉండేలా చూసి బిగించాలి.

పెట్రోలు ఆ రోజు తెచ్చినదే పోయాలి. టూ స్ట్రోక్‌కు ఆయిల్‌ను కంటి అంచనాతో కాకుండా కొలిచి కలపాలి. యంత్రంతో వచ్చిన పుస్తకంలో పెట్రోలు, ఆయిల్ పాళ్లు 25:1 అని ఉంటే లీటరుకు 40 మిల్లీలీటర్లు, 50:1 అని ఉంటే 20 మిల్లీలీటర్లు అవుతుంది. మొదటి రెండు మూడు నిమిషాలు తెల్లని పొగ రావడం సహజం, అది మనం వేసిన ఆయిలే. పంపును మాత్రం ముందు మంచినీటితో నడిపి, పైపు జాయింట్ల దగ్గర కారుతోందా, నాజిల్ సమంగా చిమ్ముతోందా అని చూశాకే మందు పోయాలి.

ఇంత చేసినా ఇంజన్ అందుకోకపోతే వరుసగా చూడాలి. సైలెన్సర్‌లో గుడ్డ ఉండిపోయిందా, ప్లగ్ తొడుగు బిగించామా, స్విచ్ ఆన్‌లో ఉందా, చోక్ వేశామా, పెట్రోలు కాక్ తెరిచామా అన్నవి ముందు. తర్వాత ప్లగ్ విప్పి చూడాలి. పొడిగా ఉంటే పెట్రోలు అందడం లేదు, తడిగా ఉంటే నిప్పు రావడం లేదు లేదా పెట్రోలు ఎక్కువైంది. తడిగా ఉన్నప్పుడు ప్లగ్ తుడిచి, చోక్ తీసి, కొన్ని నిమిషాలు ఆగి లాగాలి. అప్పటికీ కుదరకపోతే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాలి గాని, కార్బురేటర్ పక్కన ఉండే, పెట్రోలు పాళ్లను సరిచేసే ఎల్, హెచ్ స్క్రూలను మాత్రం మనం తిప్పకూడదు. వాటిని అర తిప్పు ఎక్కువ బిగించినా ఇంజన్‌కు పెట్రోలుతో పాటు ఆయిల్ కూడా తగ్గి, లోడు పడ్డ మొదటి గంటలోనే పిస్టన్ పట్టేయవచ్చు.